తేలు కుట్టిందా? మూత్రం సంగతి కూడా చూడండి

బ్యాంకు కుటుంబాలకు బదిలీలు, అట్టపెట్టెలు కొత్త కాదు. జంషెడ్‌పూర్ వచ్చిన ఏడాది, సోనారిలో అద్దెకు తీసుకున్న ఇంట్లో నెల రోజులైనా విప్పని పెట్టెలు వరండాలో ఉండిపోయాయి. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని మాకు దగ్గరే. వానలు పడి బొరియల్లోకి నీళ్లు చేరితే తేళ్లు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. ఆ రాత్రి పెట్టె జరపబోయిన మా అత్తయ్యగారి వేలికి తేలు కుట్టింది.

రెండుసార్లు వాంతి అయింది, చెమటలు పోశాయి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ఇచ్చాం. తెల్లారేసరికి మంట తగ్గింది. గండం గడిచిందనుకున్నాం. మధ్యాహ్నానికి నీరసంగా ఉందంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు ముందుగా అడిగింది నొప్పి గురించి కాదు. "అమ్మా, మూత్రం ఎప్పుడు వెళ్లారు?" అన్నారు. అత్తయ్యగారు ఆలోచించి, "నిన్న రాత్రి" అన్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది.

వేలికి కుడితే కిడ్నీకి ఏమిటి సంబంధం? తేలు విషం నరాలను రెచ్చగొడుతుంది. శరీరంలో అడ్రినలిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా పొంగుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. ఆ తర్వాత గుండె అలసిపోతే బీపీ పడిపోతుంది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. ఆ సరఫరా తగ్గితే వడపోత మందగిస్తుంది. వాంతులు, చెమటలతో ఒంట్లో నీరు తగ్గడం దీనికి తోడవుతుంది.

మేం చేసిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. రక్తం తక్కువగా అందుతున్నప్పుడు కిడ్నీ తన నాళాలను తెరిచి ఉంచుకోవడానికి కొన్ని రసాయనాలను తయారు చేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాటిని అడ్డుకుంటాయి. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఆ దెబ్బ ఎక్కువ.

మన దేశంలో తేలు కాటు వల్ల కిడ్నీ దెబ్బతినడం అరుదే. ముఖ్యమైన ప్రమాదం గుండెకు, ఊపిరితిత్తులకు. ఇరాన్‌లోని ఖుజెస్తాన్ ప్రాంతంలో మాత్రం ఒక రకం తేలు విషం ఎర్ర రక్తకణాలను పగలగొట్టి, నేరుగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. అక్కడ మూత్రం ఎర్రగా రావడం ప్రమాద సూచన. మన దగ్గర పెద్ద నల్ల మండ్రగబ్బను చూసి హడలిపోతాం కానీ, చిన్న ఎర్ర తేలే ఎక్కువ ప్రాణాంతకం.

మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ బీపీకి వాడే ప్రజోసిన్ మాత్ర బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేసి, తేలు కాటు రోగులను కాపాడుతుందని గుర్తించారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అయితే ఈ మాత్ర వేసుకుని లేచి నిలబడితే బీపీ పడిపోవచ్చు. అందుకే దీన్ని ఆసుపత్రిలోనే, డాక్టరు కళ్లెదుటే వాడాలి. తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా ఉంది.

తేలు కుడితే:
• కుట్టినచోట సబ్బుతో కడగండి. ఉంగరాలు, గాజులు తీసేయండి. కోయకండి, పీల్చకండి, బిగించి కట్టకండి.
• తేలును వెతుకుతూ, మంత్రం వేయిస్తూ సమయం పోగొట్టకండి.
• నొప్పి మాత్ర సొంతంగా వేయకండి.
• చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలైతే ఏ లక్షణం కోసమూ ఆగకండి.
• మూత్రం చివరిసారి ఎప్పుడు వెళ్లారో గుర్తుపెట్టుకోండి. ఆరు గంటలు దాటినా రాకపోయినా, చాలా తక్కువగా వచ్చినా, రంగు మారినా డాక్టరుకు చెప్పండి.
• నీళ్లు బలవంతంగా తాగించకండి. గుండె అలసి ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

అత్తయ్యగారికి డయాలిసిస్ అవసరం రాలేదు. ఐదు రోజుల్లో క్రియాటినిన్ దిగింది. ఇప్పుడు ఏ ఊరికి బదిలీ అయినా, వారం తిరక్కుండా పెట్టెలన్నీ ఆవిడే దగ్గరుండి విప్పిస్తారు. బూట్లు దులిపి తొడుక్కోమని మనవలకు రోజూ గుర్తుచేస్తారు.