పసివాడిది మొండితనమా, భయమా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఈవేళ నేను ఎత్తుకున్న విషయం వినగానే కొందరు ముక్కు మీద వేలేసుకుంటారేమో! పిల్లలకు ఒంటికి, దొడ్డికి వెళ్ళడం ఎలా అలవాటు చేయాలి, అలవాటైందనుకున్నది మళ్ళీ తప్పిపోతే ఏం చేయాలి అన్నదే ఆ విషయం. "ఇది కూడా ఒక ప్రసంగమేనా?" అనకండి. పసివాడున్న ఇంట్లో రోజుకు పదిసార్లు ఎదురయ్యే సమస్య ఇది. దీని మీద తల్లీకూతుళ్ళు మాటామాటా అనుకున్న ఇళ్ళున్నాయి. పిల్లలు దెబ్బలు తిన్న ఇళ్ళూ ఉన్నాయి. మా ఇంట్లోనైతే నా తొందరపాటు వల్లనే ఒక పసివాడు నెలల తరబడి బాధపడ్డాడు. ఆ సంగతి దాచుకోకుండా చెబితే మరొక ఇంట్లో మరొక పసివాడికి మేలు జరుగుతుందని నా ఆశ.

మాది ఆమదాలవలస. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న రైల్వే స్టేషను ఉన్నది మా ఊళ్ళోనే కదా! సంక్రాంతి ముందు ఎక్కడెక్కడి నుంచో ఇళ్ళకు చేరేవాళ్ళతో ఆ స్టేషను కిటకిటలాడిపోతుంది. అలాంటి ఒక సంక్రాంతి ముందు మా అమ్మాయి రెండో కానుపుకని హైదరాబాదు నుంచి వచ్చింది. వెంట రెండున్నరేళ్ళ పెద్దవాడు. వాడికి ఇంకా డయపరే. చూడవచ్చిన పక్కింటావిడ ఊరుకుందా? "ఓలమ్మ! రెండున్నరేళ్ళొచ్చినా ఈ గుంటడికి సెప్పడం రాదేటి?" అనేసింది. నాకు తల కొట్టేసినట్లయింది. చంటిబిడ్డ పుట్టేలోగా వీడికి నేర్పించి తీరాలని పంతం పట్టాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

"మా రోజుల్లో ఏడాది నిండేసరికే పిల్లలు నేర్చుకునేవారు" అని పెద్దవాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాటలో నిజమెంతో ఒకసారి చూడండి. మనం చేసేదేమిటి? బిడ్డకు మెడ నిలిచి కాస్త కూర్చోవడం రాగానే, కాళ్ళు చాపుకుని పాదాల మీద కూర్చోబెట్టుకుని "స్స్‌" అనేవాళ్ళం. పాలు తాగిన కాసేపటికి, నిద్ర లేవగానే, వేళ కనిపెట్టి పట్టేవాళ్ళం. బిడ్డ ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళం. అంటే నేర్చుకున్నది బిడ్డ కాదమ్మా, మనం! ఈ పద్ధతి మన ఒక్కరిదే కాదు. తూర్పు ఆఫ్రికాలో డిగో అనే జాతివాళ్ళలో తల్లులు కొద్ది వారాల బిడ్డను కూడా ఇలాగే కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని శబ్దం చేసి అలవాటు చేస్తారని 1977లో వైద్యుల పత్రికలో వచ్చింది. మంచి పద్ధతే. అయితే దానికి ఇంట్లో నలుగురు మనుషులుండాలి, పెరడుండాలి, బిడ్డనే కనిపెట్టుకుని ఉండే తీరిక ఉండాలి. అపార్టుమెంటులో ఒంటరిగా, ఉద్యోగం చేసుకుంటూ పిల్లవాణ్ణి పెంచుకునే తల్లిని "నీకు చేతకాలేదు" అనడం అన్యాయం.

తనంతట తాను ఆపుకోవడం, చెప్పడం, వెళ్ళడం అనేది వేరే సంగతి. దానికి నరాలు ముదరాలి, మాట రావాలి, మనసు ఒప్పుకోవాలి. ఏడాదిన్నర దాటాక గాని ఆ తయారీ మొదలు కాదు. అమెరికాలో బ్రేజల్టన్ అనే పిల్లల వైద్యుడు 1,170 మంది పిల్లల వివరాలు రాసిపెట్టి 1962లో ప్రకటించాడు. తొందరపెట్టకుండా, బిడ్డ సిద్ధమయ్యాక మొదలుపెట్టిన ఆ పిల్లలకు పగటిపూట అలవాటు పడేసరికి సగటున 28 నెలలు దాటాయి. సగటు అంటే కొందరికి ముందు, కొందరికి వెనుక అనే కదా! మూడేళ్ళు నిండినా కుదరని పిల్లలు ఎందరో ఉంటారు. అందులో తల్లి తప్పూ లేదు, బిడ్డ తప్పూ లేదు.

బిడ్డ సిద్ధమైనట్లు ఎలా తెలుస్తుంది? ఒకటి రెండు గంటలు బట్ట తడవకుండా ఉంటాడు. నిక్కరు తనే కిందికి లాక్కోగలుగుతాడు. "ఆ గిన్నె తెచ్చి ఇక్కడ పెట్టు" అంటే అర్థం చేసుకుని చేస్తాడు. తడిసినప్పుడు చిరాకుపడతాడు, లేదా పోయాక వచ్చి చెబుతాడు. పోయాక చెప్పాడని కోప్పడకండి సుమా! పోయాక చెప్పడమే పోకముందు చెప్పడానికి మొదటి మెట్టు.

ఇవేవీ నేను చూడలేదు. వచ్చిన మర్నాడే డయపరు తీసేసి, మా ఇంటి మరుగుదొడ్డిలో కూర్చోబెట్టాను. వాడెప్పుడూ అలాంటిది చూసి ఎరగడు. నేలలో నల్లటి కన్నం, పక్కన బకెట్టు, పైన గుడ్డి దీపం. నా మెడ పట్టుకుని ఏడ్చాడు. అదంతా మొండితనమనుకున్నాను. "మొక్కై వంగనిది మానై వంగునా" అని సామెత కూడా చెప్పాను! మూడు రోజులు విరోచనం కాలేదు. నాలుగోనాడు మా అమ్మ చేసినట్లే తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టాను. వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా ఊరి పేరు వింటే ఆముదం గుర్తొస్తుందని బంధువులు వేళాకోళం చేస్తుంటారు. ఆ రోజు నుంచి ఆముదం సీసా కనబడితే చాలు, పిల్లవాడు మంచం కిందికి దూరేవాడు.

ఆ తరువాత ఏం జరిగిందో వినండి, ఎందుకంటే ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. వాడు తలుపు వెనక నిలబడి, మునివేళ్ళ మీద లేచి, కాళ్ళు పెనవేసుకుని, ముఖం ఎర్రగా చేసుకునేవాడు. పాపం, ముక్కుతున్నాడనుకున్నాం. కాదు, బిగబడుతున్నాడు! ఒకసారి నొప్పి తెలిసిన బిడ్డ మళ్ళీ నొప్పి వస్తుందని ఆపుకుంటాడు. ఆపుకున్నకొద్దీ పేగు నీటిని పీల్చేసుకుంటుంది, మలం గట్టిపడుతుంది. గట్టిపడ్డది వచ్చేటప్పుడు ఇంకా నొప్పి. నొప్పి వల్ల ఇంకా భయం. ఇలా గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుందన్నమాట. వారం తిరిగేసరికి నిక్కరుకు పలచగా అంటుకోవడం మొదలైంది. విరోచనాలనుకుని పళ్ళు మాన్పించాను. అది రెండో తప్పు.

చివరికి శ్రీకాకుళంలో పిల్లల వైద్యుడికి చూపించాం. ఆయన పొట్ట తడిమి, "ఇవి విరోచనాలు కావమ్మా. లోపల గట్టిగా నిండిపోతే దాని పక్కనుంచి పలచటిది కారుతోంది. పేగు సాగిపోయి వాడికి తెలియడం కూడా లేదు. తిట్టి లాభం లేదు" అన్నారు. మలం మెత్తపడే మందు రాసిచ్చి, నెలల తరబడి వాడాలని, బాగుందని మధ్యలో మానేయవద్దని గట్టిగా చెప్పారు. తమలపాకు కాడ, సబ్బు ముక్క, ఆముదం, ఏవీ సొంతంగా వాడవద్దన్నారు. బయటికి వచ్చాక మా అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకుంది. "అమ్మా, వాడు మొండివాడు కాదు, భయపడ్డాడు" అంది. నేను తల దించుకున్నాను.

ఇక మేము చేసినవి చెబుతాను. మొదట దొడ్డి మాటే ఇంట్లో ఎత్తడం మానేశాం. బిడ్డ ఎదురు తిరిగితే రెండు మూడు వారాలు, అవసరమైతే నెల రోజులు ఆపేయడమే మేలు. అది ఓడిపోవడం కాదు. తిండి సరిచేశాం. వాడు రోజుకు లీటరు దాకా పాలు తాగేవాడు. అంత పాలు తాగితే అన్నం సహించదు, మలం బిగుస్తుంది. అరలీటరుకు తగ్గించి, పప్పులో ఆకుకూర, బొప్పాయి, జామపండు, నానబెట్టిన ఎండుద్రాక్ష, పలచటి చోడి అంబలి పెట్టాం. మంచినీళ్ళు గుర్తుచేసి తాగించాం.

వాడికి డయపరులోనే వెళ్ళడం అలవాటు. సరే, డయపరే అడిగితే ఇచ్చాం. కాని, "స్నానాలగదిలో నిలబడి వెళ్ళు నాన్నా" అన్నాం. కొద్ది రోజులకు డయపరుతోనే ప్లాస్టిక్ పాటీ మీద కూర్చోమన్నాం. తరువాత డయపరు వదులు చేశాం, ఆ తరువాత తీసేశాం. ఇన్ని మెట్లు అవసరమా అంటారేమో, భయపడ్డ బిడ్డకు అవసరమే. పాటీ అంత ఎత్తునే ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి. కమోడు మీద కూర్చోబెడితే కాళ్ళ కింద చిన్న పీట వేయాలి. కాళ్ళు గాలిలో వేలాడితే పెద్దవాళ్ళకే కుదరదు. పాటీ లేనివారు మన పాత పద్ధతిలో పాదాల మీద కూర్చోబెట్టుకోవచ్చు.

భోజనం చేసిన కాసేపటికి పేగు తనంతట తానే కదులుతుంది. అందుకని అన్నం తిన్నాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టి కథ చెప్పండి. వస్తే వచ్చింది, లేకపోతే లేచి ఆడుకోమనండి. గంటలకొద్దీ కూర్చోబెడితే అది శిక్ష అయిపోతుంది. లాగితే జారిపోయే ఎలాస్టిక్ నిక్కరు తొడగండి, బొందు ముడి విప్పేలోగా పని అయిపోతుంది. ఒంటికి, రెంటికి, దొడ్డికి, ఆయి, ఏ మాటైనా సరే, ఇంట్లో అందరూ ఒకటే మాట వాడండి. అంగన్‌వాడీలో టీచరుగారికి, ఆయమ్మకు కూడా ఆ మాట చెప్పి ఉంచండి. కొత్తచోట తన మాట ఎవరికీ తెలియక తడుపుకునే పిల్లలు ఎందరో!

తప్పిపోయినప్పుడు ఏం చేయాలి? "పరవాలేదు, ఈసారి ముందే చెబుదువు గాని" అని, తుడవడానికి గుడ్డ వాడి చేత తెప్పించండి. "ఛీ" అనకండి. నలుగురిలో చెప్పి నవ్వకండి. వెళ్ళినందుకే కాదు, ధైర్యంగా కూర్చున్నందుకు కూడా మెచ్చుకోండి.

నెలన్నరకు మా వాడు దారిలో పడ్డాడు. అమ్మయ్య అనుకునేలోగా చెల్లెలు పుట్టింది. వారం తిరక్కుండా మళ్ళీ పగలే నిక్కరు తడపడం! ఈసారి నేను తొందరపడలేదు. చంటిబిడ్డ పుట్టినా, ఊరు మారినా, జ్వరం వచ్చి తగ్గినా, బడిలో వేసినా ఇలా వెనక్కి పోవడం సహజం. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. "నన్ను కూడా చూడండి" అని బిడ్డ చెప్పే తీరు అది. మా అమ్మాయి రోజూ చంటిదాన్ని నాకిచ్చి, కాసేపు వాడొక్కడితోనే కూర్చునేది. చెల్లెలి గుడ్డలు అందించే ఉద్యోగం వాడికిచ్చాం. కొద్ది వారాల్లో సర్దుకున్నాడు.

రాత్రి పక్క తడపడం మాత్రం దీనితో కలపకండి. నిద్రలో మూత్రం తక్కువగా తయారయ్యేలా చేసే హార్మోను కొందరిలో ఆలస్యంగా పనికి వస్తుంది. ఐదేళ్ళ పిల్లల్లో కూడా 100కి సుమారు 15 మంది పక్క తడుపుతారు. ఏటా కొందరికి దానంతట అదే తగ్గిపోతుంది. అందుకు వాతలు పెట్టడం, తినే ముందు భయపెట్టడం వంటివి పాపం.

అయితే కొన్ని గుర్తులు చూస్తే ఆలస్యం చేయకూడదు. మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం ఉన్నా, మలంలో రక్తం కనబడ్డా, పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా వైద్యుడికి చూపించండి. బాగా ఆపుకునే బిడ్డ ఉన్నట్టుండి అతిగా నీళ్ళు తాగుతూ, అతిగా మూత్రం పోస్తూ, చిక్కిపోతుంటే అది చక్కెర జబ్బు కావచ్చు, ఆ రోజే తీసుకువెళ్ళండి. నాలుగేళ్ళు దాటినా పగలు అలవాటు కాకపోతే ఒకసారి చూపించడం మంచిది.

మరొక్క మాట. "పసిపిల్లలది దోషం లేదు" అని కాలవలోనో, పెంటకుప్ప మీదో పారేస్తుంటాం. అది పొరపాటు. విరోచనాలు, టైఫాయిడ్, నులిపురుగులు దాని వల్ల కూడా వ్యాపిస్తాయి. 2014 తరువాత ఊరూరా మరుగుదొడ్లు కట్టుకున్నాం కదా, బిడ్డది కూడా అందులోనే పోసి నీళ్ళు కొట్టండి. మీ చేతులూ, వాడి చేతులూ సబ్బుతో కడగండి. ఆ అలవాటూ అప్పుడే పడుతుంది.

శ్రావణమాసంలో అమ్మాయిని, పిల్లలను రైలెక్కించడానికి వెళ్ళాం. ఇంకా బండి రాలేదు. మా వాడు నా కొంగు పట్టి లాగి, "అమ్మమ్మా, ఒంటికి" అన్నాడు. అంత జనంలో, అంత గొంతుతో! చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గాని, కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఆముదం సీసాకు భయపడి మంచం కింద దాక్కున్నవాడు మళ్ళీ నన్ను నమ్మి నాతోనే చెప్పాడు చూశారా! బిడ్డకు అలవాటు నేడు కాకపోతే రేపు వస్తుంది. పోగొట్టుకున్న నమ్మకం అంత సులువుగా రాదు. మీ ఇంట్లో పసివాడు మొరాయిస్తే, మొండితనమని చెయ్యెత్తబోయే ముందు, భయమేమోనని ఒక్కసారి ఆలోచించండి. సెలవు.