గోడకు కన్నం వేసే గణితం

గోడకు కన్నం అనగానే మనకు దొంగలు గుర్తుకు వస్తారు. కాని ఇల్లు కట్టుకునే ప్రతి మనిషీ తన గోడకు తానే ఖాళీలు పెట్టుకోక తప్పదు. గాలికి కిటికీ, మనిషికి దర్వాజ, దీపానికి గూడు, పొగకు పొగగొట్టం. గోడ కట్టడం అందరికీ కనిపించే పని. గోడ లేకుండా ఉంచడం మాత్రం లెక్కతో కూడిన పని. నేడు ఇంటి నమూనాలు కంప్యూటరు మీద తయారవుతున్నాయి గదా, ఈ 'లేకపోవడాన్ని' ఆ యంత్రానికి ఎట్లా చెబుతారు అన్నదే ఈ వ్యాసం.

మా ఊరు రఘునాథపల్లి. ఒకప్పుడు వరంగల్లు జిల్లా, 2016 అక్టోబరు నుంచి జనగామ జిల్లా. మా దిక్కు ఇల్లు కట్టే వరుస చూడండి. పునాది పైకి రాగానే మంచి రోజు చూసి, పసుపు కుంకుమలు పెట్టి, మామిడాకులు కట్టి దర్వాజ నిలబెడతారు. గోడ ఇంకా లేదు, దర్వాజ మాత్రం ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆ తరువాత దాని చుట్టూ ఇటుక పేరుస్తారు. అంటే మనకు ముందు ఖాళీ, తరువాత గోడ. కంప్యూటరుది తలకిందుల వరుస. ముందు నిండు గోడ గీస్తుంది, తరువాత అందులోంచి ఒక పెట్టెను తీసివేస్తుంది. సమితుల పాఠంలో మనం చదివే భేదం ఇదే: గోడ అనే బిందు సమితిలోంచి పెట్టె అనే బిందు సమితిని తీసివేయడం. 1970 దశకంలో కేంబ్రిడ్జిలోను, అమెరికాలోని రోచెస్టరులోను ఈ ఘనరూపాల కూడిక తీసివేతలకు పద్ధతులు ఏర్పడ్డాయి. అదే కాలంలో, 1975లో, చార్లెస్ ఈస్ట్‌మన్ అనే ఆచార్యుడు గీతల బొమ్మకు బదులు కట్టడం మొత్తాన్నీ వస్తువుల వివరాలుగా కంప్యూటరులో ఉంచవచ్చునని ప్రతిపాదించాడు.

తీసివేతే గదా, కష్టమేముంది అనుకోవద్దు. గోడ మందం తొమ్మిది అంగుళాలైతే, తీసివేసే పెట్టె కూడా సరిగ్గా తొమ్మిది అంగుళాలే ఉందనుకుందాం. గోడ ముఖమూ పెట్టె ముఖమూ ఒకే తలంలో పడతాయి. కంప్యూటరు దశాంశాలను కొంతవరకే దాచుకోగలదు కాబట్టి ఏది ముందుంది, ఏది వెనుక ఉంది అని తేల్చుకోలేక తికమక పడవచ్చు. కిటికీ స్థానంలో ఉల్లిపొర వంటి పలుచని గోడ మిగిలిపోవచ్చు. అందుకని పెట్టెను రెండు వైపులా కొంచెం బయటికి పొడుచుకు వచ్చేటట్టు పెడతారు. గెట్టుకు గండి కొట్టేటప్పుడు పార అవతలి చేనులోకి దిగేదాకా తవ్వితేనే నీరు పారుతుంది. ఇదీ అంతే.

ఇక గణితం మిత్రులకు నచ్చే ముచ్చట ఒకటి. నిండు గోడ ఒక పెట్టె: మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. ఆయిలర్ సూత్రం ప్రకారం 8 − 12 + 6 = 2. నడుమ ఒక కిటికీ తీస్తే మూలలు 16, అంచులు 24, ముఖాలు 10 అవుతాయి. నేల దాకా దర్వాజ తీసినా 16, 24, 10 అవే! రెండింటికీ జవాబు 2. మరి తేడా ఎక్కడుంది? కిటికీ గోడలో ముందు ముఖం మీద ఒకటి, వెనుక ముఖం మీద ఒకటి, అంచును తాకని లోపలి వలయాలు రెండున్నాయి. వాటినీ తీసివేయాలి. అప్పుడు 2 − 2 = 0. దర్వాజ గోడలో అటువంటి వలయాలు లేవు, జవాబు 2గానే ఉంటుంది. సున్న వస్తే ఒక రంధ్రం ఉన్నట్టు, 2 వస్తే లేనట్టు. అంటే కిటికీ నిజమైన రంధ్రం, దర్వాజ కేవలం ఒక గాటు! కింద కడప కూడా గోడలో భాగమైతే మాత్రం దర్వాజ సైతం రంధ్రమే. మన అమ్మమ్మల ఇళ్లలో దీపం పెట్టే గూడు అవతలికి పోదు కాబట్టి అది రంధ్రం కాదు, గుంట.

ఈ భేదం పుస్తకాలకే పరిమితం కాదు. రకరకాల సాఫ్టువేరుల మధ్య కట్టడాల నమూనాలు పంచుకోవడానికి ఐఎఫ్‌సి అనే పద్ధతి ఉంది. 2013లో అది ఐఎస్ఓ 16739 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో గోడ ఒక వస్తువు, ఖాళీ ఒక వస్తువు, ఆ ఖాళీలో కూర్చునే దర్వాజ ఇంకొక వస్తువు. ఖాళీ గోడను తొలుస్తుంది, దర్వాజ ఖాళీని నింపుతుంది. ఖాళీలలో కూడా అవతలికి పోయేది వేరు, గూడు వంటిది వేరు. గోడను జరిపితే ఖాళీ వెంట వస్తుంది, ఖాళీ వెంట దర్వాజ వస్తుంది. లేనిదానికి ఒక పేరూ, ఒక సంబంధమూ ఇచ్చారన్నమాట.

లేనిదానికి పేరెందుకంటే, డబ్బు లెక్క దాని మీదనే ఉంది కనుక. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, ముప్పావు అడుగు మందం గల గోడ నిండుగా 150 ఘనపుటడుగులు. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు దర్వాజ ఒకటి, నాలుగడుగుల చదరపు కిటికీలు రెండు పెడితే 42 ఘనపుటడుగులకు పైగా ఖాళీ పోతుంది. గోడలో నూటికి 28 పాళ్లు గాలి! ఇటుక సైజును బట్టి మారినా, ఘనపుటడుగుకు 13 చొప్పున వేసుకుంటే సుమారు 550 ఇటుకలు. పత్తి అమ్మిన పైసలతో గోడ లేపే రైతుకు ఇది చిన్న మాట కాదు. మా ఇంట్లో గోడలు లేచినప్పుడు మా బాపుకూ మేస్త్రికీ ఈ ఖాళీ దగ్గరే మాట పట్టింపు వచ్చింది. "లేని గోడకు కూలి ఎందుకియ్యాలె?" అని బాపు. "కిటికీ చుట్టూ మూలలు తేల్చుడు, గుండు పట్టుడు, ఇటుక కొట్టుడు, అది నిండు గోడ కన్న ఎక్కువ పని" అని మేస్త్రి. నిజానికి ఇద్దరి మాటా సబబే. ఇటుక లెక్క ఖాళీ తీసివేసిన కొలత మీద నడవాలి. కూలి లెక్క ముందే చేసుకున్న ఒప్పందం మీద నడవాలి. మన దేశపు కొలతల ప్రమాణం ఐ.ఎస్. 1200 కూడా ఈ ధర్మాన్నే పాటించింది. గోడ రెండు వైపులా ఒకే రకం పూత ఉంటే, అర చదరపు మీటరు లోపు ఖాళీకి పూత తగ్గించరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఒక్క వైపే తగ్గిస్తారు. ఖాళీ లోపలి చెంపలకు పూసే శ్రమ రెండో వైపుకు చెల్లు. కంప్యూటరు నిండు కొలతా, నికర కొలతా రెండూ క్షణంలో ఇస్తుంది. ఏ పనికి ఏది వాడాలో చెప్పవలసింది మనిషే.

చివరి మాట అన్నిటికన్న ముఖ్యమైనది. కంప్యూటరులో ముప్పై అడుగుల ఖాళీ తీసి, పైన ఏ ఆధారమూ పెట్టకపోయినా గోడ కూలదు. అది ఆకారాన్ని తీసివేసింది గాని బరువును మోయలేదు. బరువు లెక్క విడిగా చేయవలసిందే. ఈ పాఠం చూడాలంటే వరంగల్లు కోట దాకా పోతే చాలు. కాకతీయుల తోరణాలలో నిలువు స్తంభాల మీద అడ్డరాయి. రాయి నొక్కుడును ఓర్చుకుంటుంది గాని సాగదీతను ఓర్చుకోదు, అందుకని అడ్డరాయికి వెడల్పు హద్దు ఉంది. దగ్గరలోనే ఖుష్ మహల్‌లో కమాన్లున్నాయి. కమాను బరువును ఇరు పక్కలకు మళ్లించి రాయిని నొక్కుడులోనే ఉంచుతుంది, కాబట్టి వెడల్పు పెరుగుతుంది. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. నేటి సిమెంటు లింటలులో కింది వైపు వేసే ఇనుప చువ్వలు మూడో జవాబు.

మిత్రులారా, ఫ్రీక్యాడ్ వంటి సాఫ్టువేరు నేడు ఉచితంగా దొరుకుతున్నది. ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్న బంధువు ఎవరున్నా ఒక పూట కూర్చొని వారి గోడలు గీసి, ఖాళీలు తీసి, నికర కొలత కాగితం మీద రాసివ్వండి. ఇటుకలు తెప్పించక ముందే, మేస్త్రితో మాట కలవక ముందే ఇవ్వండి. మనం చదివిన తీసివేత ఒక ఇంటి అప్పును కొంచెం తగ్గించినా చదువు సార్థకమే.