రోగి పక్కనే ఉంటూ ఎదిగే దారి

కేస్ షీట్‌లో డాక్టరు ఒక్క ముక్క రాసి వెళ్తారు: 500 మిల్లీలీటర్ల సెలైన్, 8 గంటల్లో ఎక్కాలి. అక్కడి నుంచి లెక్క నర్సుది. పెద్దవాళ్లకు వాడే మామూలు డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు పడతాయి. మొత్తం 10,000 చుక్కలు, 480 నిమిషాలు. అంటే నిమిషానికి దాదాపు 21 చుక్కలు. నర్సు గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ చుక్కలు లెక్కపెట్టి, గొట్టానికున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో కొద్దికొద్దిగా జరిపి ఆ వేగానికి తెస్తారు. రోగి చెయ్యి ముడుచుకుంటే ధార ఆగుతుంది. బాత్రూముకు తీసుకెళ్లేటప్పుడు బంధువులు సీసాను కిందికి దించితే గొట్టంలోకి రక్తం ఎదురొస్తుంది. మళ్లీ వచ్చి సరిచేయాలి. చంటిపిల్లలకు వాడే సెట్టే వేరు, అందులో మిల్లీలీటరుకు 60 చుక్కలు. గుండె బలహీనంగా ఉన్న పెద్దాయనకు సెలైన్ గబగబా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది.

ఇలాంటి లెక్కలు పూటకు ఎన్నో. పొటాషియం క్లోరైడ్‌ను సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలే తప్ప, నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోయే ప్రమాదముంది. అందుకే మందు ఇచ్చే ముందు అయిదు విషయాలు సరిచూసుకోవాలని నర్సింగ్ విద్యార్థులకు మొదట్లోనే నేర్పుతారు: రోగి ఎవరు, మందేది, మోతాదెంత, ఏ మార్గంలో, ఏ వేళకు. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు చేరిన రోజున ఆ మొదటి ప్రశ్న విలువ తెలుస్తుంది.

చదువు నేర్పేది ఇంతవరకు. ఆ పైన నేర్పేది వార్డే. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు నర్సులు ఒక్కో పడక దగ్గరా ఆగి రోగుల్ని ఒకరు అప్పజెపితే ఇంకొకరు అందుకుంటారు. కొత్తగా చేరిన అమ్మాయి బీపీ, జ్వరం, నాడి అంకెలు గడగడా చదువుతుంది. పదిహేనేళ్ల అనుభవమున్న నర్సు అంకెలు చెప్పాక ఒక మాట కలుపుతారు: “ఈయన్ని కాస్త కనిపెట్టి ఉండమ్మా, పొద్దుటి నుంచి మాట తగ్గింది, మూత్రం కూడా సరిగా రాలేదు.” రక్తంలో ఇన్ఫెక్షన్ పాకే రోగిలో బీపీ పడిపోకముందే కనిపించే గుర్తులివి. ఊపిరి వేగం పెరగడం, మనిషి తికమకపడటం, మూత్రం తగ్గడం. వీటిని పట్టుకుని డాక్టరును సకాలంలో పిలవడం వల్ల బతికే ప్రాణాలు ఏ రిజిస్టరులోనూ విడిగా నమోదు కావు.

ఈ నైపుణ్యం ఎంత దూరం వెళ్లగలదో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రి చూపించింది. అక్కడ నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద 1973లో అదే ఆసుపత్రి ఉద్యోగి దాడి చేశాడు. ఆమె మళ్లీ మామూలు స్థితికి రాలేదు. 2015లో కన్నుమూసే దాకా, 42 ఏళ్లు, తరాలు మారినా ఆ ఆసుపత్రి నర్సులే ఆమెను చూసుకున్నారు. మంచాన పడ్డ మనిషిని గంటల తరబడి ఒకే వైపు ఉంచితే ఒంటికి పుళ్లు పడతాయి. ఆమె ఒంటికి పుండు పడకుండా కాపాడారు. సుప్రీంకోర్టు 2011 తీర్పులో ఆ సేవను ప్రత్యేకంగా మెచ్చుకుంది. నర్సు ఉద్యోగంలో ఉన్న ప్రమాదం, అందులోని పనితనం రెండూ ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తాయి.

పుండు పడకుండా ఉండాలంటే రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. దానికి మనుషులు కావాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. ఐసీయూలో పడకకు ఒకరు. కానీ రాత్రి డ్యూటీలో 30, 40 పడకల వార్డును ఒకరిద్దరు చూసుకోవడం చాలాచోట్ల మామూలైపోయింది. ఎవరైనా సెలవు పెడితే ఆ ఒకరిద్దరిలోంచే ఒకరిని పక్క వార్డుకు పంపుతారు.

హడావుడిలో సూది వేలికి గుచ్చుకుంటుంది. టీకా వేసుకోనివారికి హెపటైటిస్ బీ రోగి రక్తమంటిన సూదితో వ్యాధి సోకే అవకాశం 30 శాతం వరకు ఉంటుంది. హెపటైటిస్ సీ అయితే అంతకంటే చాలా తక్కువ, హెచ్ఐవీ అయితే దాదాపు 0.3 శాతం. హెపటైటిస్ బీకి టీకా ఉంది. హెచ్ఐవీ సోకకుండా మందులు వెంటనే, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తప్పు తమదే అంటారన్న భయంతో కొందరు గుచ్చుకున్న సంగతి పైకి చెప్పరు. చెప్పిన నర్సును మందలించకుండా మందులు చేతిలో పెట్టే ఆసుపత్రిలో ఆ భయం ఉండదు.

దాడుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోగి చనిపోతే బంధువుల కోపం ముందుగా తగిలేది ఎదురుగా ఉన్న నర్సుకే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో తెచ్చిన చట్టం ఆసుపత్రి సిబ్బందిపై దాడికి మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. నర్సులు, నర్సింగ్ విద్యార్థులు కూడా ఆ రక్షణ కిందికే వస్తారు. ఈ సంగతి వారిలోనే చాలామందికి తెలియదు.

జీతాల దగ్గర తేడా మరీ ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసరు మూల వేతనం ఏడో వేతన సంఘం లెక్కన 44,900 రూపాయలతో మొదలవుతుంది. అదే చదువుతో చిన్న పట్నపు ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారికి అందులో సగం వచ్చినా గొప్పే. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ, 50 పడకలలోపు ఆసుపత్రుల్లోనూ నర్సు జీతం 20,000 రూపాయలకు తగ్గకూడదని చెప్పింది. 200 పడకలు దాటిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలంది. అమలు బాధ్యత రాష్ట్రాలది. ఆ సిఫార్సు నేటికీ చాలా ఆసుపత్రుల గడప తొక్కలేదు.

ఇక ఎదుగుదల. మన రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో మెట్లున్నాయి, వాటిని చాలాకాలం స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ గ్రేడ్-2, గ్రేడ్-1 అని పిలిచారు. మూడేళ్ల జీఎన్ఎం చదివినవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సుతో బీఎస్సీ పట్టా పొందవచ్చు. ఎమ్మెస్సీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పవచ్చు. దారులున్నాయి. చిక్కేమిటంటే, పైమెట్టు ఎక్కిన ప్రతిసారీ నర్సు రోగికి దూరమవుతారు. హెడ్ నర్సు అయ్యాక ఇండెంట్లు, డ్యూటీ చార్టులు; సూపరింటెండెంట్ అయ్యాక ఫైళ్లు. మాట తగ్గిన రోగిని చూసి ప్రమాదం పసిగట్టే కన్ను, ప్రమోషన్ రాగానే వార్డు దాటి వెళ్లిపోతుంది. ఆ పడకల దగ్గరికి మళ్లీ కొత్తవాళ్లే వస్తారు.

రోగి పక్కనే ఉంటూ ఎదిగే దారి కూడా వేయవచ్చని తెలంగాణ చూపింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆ రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5 శాతం. ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నాల్లో భాగంగా 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రుల సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో నర్సులకు కాన్పులు చేసే మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. శిక్షణ 18 నెలలు.

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉన్న లేబర్ రూములో పద్ధతే వేరు. నొప్పులు పడుతున్న తల్లిని వెల్లకిలా పడుకోబెట్టేయరు. నడవనిస్తారు, పెద్ద బంతి మీద కూర్చుని ఊగనిస్తారు, గోరువెచ్చని నీళ్లు తాగిస్తారు, అమ్మనో అక్కనో పక్కన ఉండనిస్తారు. పక్కకు తిరిగి పడుకుని కంటావా, మోకాళ్ల మీద ఆనుకుని కంటావా అని ఆమెనే అడుగుతారు. అవసరం లేకుండా కుట్లు పడే కోత పెట్టరు. బిడ్డ గుండె చప్పుడు తేడాగా వినిపించినా, రక్తస్రావం మొదలైనా డాక్టరుకు అప్పగిస్తారు. మామూలు కాన్పు ఆమె చేతిలో, చిక్కుపడ్డ కాన్పు డాక్టరు చేతిలో. నర్సుకు సొంత నిర్ణయాధికారం దక్కిన చోటిది.

ఇలాంటి దారులే మరో రెండు ఉన్నాయి. ఐసీయూ నర్సుల కోసం రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును నర్సింగ్ కౌన్సిల్ 2016లో ప్రవేశపెట్టింది. వెంటిలేటర్ మీదున్న రోగిని గంటగంటకూ అంచనా వేసి, ఖరారైన ప్రొటోకాల్ మేరకు చికిత్సను సర్దుబాటు చేసే నైపుణ్యం అందులో నేర్పుతారు. కానీ కోర్సు పూర్తిచేసినవారికి తగిన పోస్టులు విస్తృతంగా రాలేదు. రెండోది పల్లెల్లోది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సులు ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ శిక్షణతో బాధ్యతలు తీసుకున్నారు. ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లో బీపీ, షుగరు రోగుల్ని నెలనెలా పేరుపేరునా పిలిచి చూసేది వీరే.

ఇక్కడ దారి కనపడనివారు విదేశాల వైపు చూస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచానికి 58 లక్షల మంది నర్సులు తక్కువయ్యారు. అమెరికా వెళ్లాలంటే ఎన్‌క్లెక్స్ పరీక్ష. హైదరాబాద్‌లోనే రాయవచ్చు, ప్రశ్నలు 85 నుంచి 150, గడువు అయిదు గంటలు. బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్షతోపాటు అక్కడికెళ్లాక చేసి చూపే పరీక్ష ఉంటుంది. జర్మనీకి ఆ దేశ భాషలో బీ2 స్థాయి కావాలి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఈ శిక్షణ ఇప్పిస్తోంది. ప్రైవేటు ఏజెంటైతే కేంద్రం దగ్గర నమోదయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. నిబంధనల ప్రకారం అతను తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే అక్కడే ఆగిపోవాలి.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అదే ఏడాది 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు కేంద్రం 1,570 కోట్ల రూపాయలు ఆమోదించింది. సీట్లు పెరగడం మంచిదే. చదివి వచ్చినవారు పదేళ్ల తర్వాత కూడా వార్డులో నిలబడాలంటే ప్రభుత్వాలు చేయాల్సిన పనులు మరికొన్ని ఉన్నాయి. మిడ్‌వైఫరీ నేర్చిన నర్సును రొటేషన్ పేరుతో క్యాజువాలిటీకి మార్చకుండా లేబర్ రూములోనే ఉంచాలి. నర్స్ ప్రాక్టీషనర్‌కు పేరు, పే స్కేలు ఉన్న పోస్టు ఇవ్వాలి. వృత్తిలో ఉంటూ చదివే చదువుకు పట్టే గంటల్ని డ్యూటీ గంటలుగానే లెక్కించాలి. సర్వీసు రూల్స్ సవరించి, ఆ పోస్టులకు బడ్జెట్‌లో జీతాలు కేటాయిస్తే ఈ మూడూ ఇప్పుడున్న ఆసుపత్రుల్లోనే మొదలుపెట్టవచ్చు.