‘ఇవాళ పీత లేదండీ’.. ఆ మాట వెనక ఎన్ని కొలువులో!

మెనూ కార్డు మీద ‘ఫ్రెష్ క్రాబ్’ అని వేయడానికి ఒక ప్రింటర్ చాలు. ఆ మాట నిలబెట్టడానికి మాత్రం మనుషులు కావాలి. రేవు దగ్గర ఒకరు, బండిలో ఒకరు, వంటింటి వెనక గుమ్మంలో ఒకరు, కస్టమర్ ముందు ఒకరు. ఉద్యోగం అనగానే మీకు ఐటీ, బ్యాంకు, గ్రూప్స్ ఈ మూడే గుర్తొస్తుంటే, హోటల్ అంటే ప్లేట్లు మోయడమేగా అనుకుంటుంటే, ఈ పీత కథ ఒకసారి చదవండి.

కొలంబోలో ఏం చేశారంటే..

2011లో కొలంబోలోని పాత డచ్ ఆస్పత్రి భవనంలో ‘మినిస్ట్రీ ఆఫ్ క్రాబ్’ అనే రెస్టారెంట్ మొదలైంది. షెఫ్ దర్శన్ మునిదాస. ఆయన భాగస్వాములు మహేల జయవర్ధనే, కుమార సంగక్కర. అవును, ఆ క్రికెటర్లే! అప్పటిదాకా శ్రీలంకలో దొరికే మంచి పీతలు చాలావరకు ఎగుమతి అయిపోయేవి. సింగపూర్ హోటళ్లలో ‘శ్రీలంక పీత’ అంటే ఎంతో గిరాకీ. పట్టిన దేశంలోనే వాటిని వడ్డిద్దామన్నది వీళ్ల ఆలోచన. ఫ్రీజర్ పెట్టకూడదన్నది నియమం. అర కిలో నుంచి రెండు కిలోల దాకా పీతను బరువును బట్టి అమ్ముతారు. అన్నిటికన్నా పెద్దదానికి ‘క్రాబ్‌జిల్లా’ అని పేరు కూడా పెట్టారు.

ఇందులో మనకేంటి అంటారా? అక్కడ వడ్డించేది మండపీత. మన గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవుల్లో, ఉప్పుటేర్లలో పెరిగేదీ అదే. మన దగ్గరా మంచి సైజువి చెన్నై మీదుగా ప్రాణాలతోనే విమానమెక్కి విదేశాలకు వెళ్తుంటాయి. అంటే సరుకు మనది, పేరు వేరేవాళ్లది. మధ్యలో ఉన్న ఖాళీలోనే మీకు పని ఉంది.

ఫ్రీజర్ లేకపోతే లెక్క మారిపోతుంది

ఫ్రీజర్ ఉంటే తప్పు లెక్క వేసినా సరుకు ఆగుతుంది. ప్రాణంతో ఉన్న పీత ఆగదు. డెక్కలు కట్టి, తడి గోనె కప్పి, చల్లటి చోట ఉంచితే మండపీత నీళ్ల బయట కూడా కొన్ని రోజులు బతుకుతుంది. చచ్చిందంటే మాత్రం మాంసం చాలా త్వరగా పాడవుతుంది. అందుకే శుక్రవారం సాయంత్రం ఎన్ని టేబుళ్లు నిండుతాయో గురువారమే అంచనా వేయాలి. తక్కువ తెప్పిస్తే కస్టమర్ వెనక్కి పోతాడు, ఎక్కువ తెప్పిస్తే డబ్బు చెత్తబుట్టలోకి పోతుంది. మీరు ప్రాజెక్టు రిపోర్టులో రాసిన ‘డిమాండ్ ఫోర్‌కాస్టింగ్’ అంటే ఇదే. కాకపోతే ఇక్కడ డేటా పాయింట్‌కి పది కాళ్లుంటాయి.

సరుకు దించుకునేవాళ్ల పని ఇంకా సూక్ష్మం. పీత పెరగాలంటే పాత పెంకు విడిచి కొత్తది తొడగాలి. పెంకు మారిన కొత్తలో ఒళ్లంతా మెత్తగా, లోపల మాంసం తక్కువ, నీళ్లు ఎక్కువ. తూకంలో సరిపోతుంది, పళ్లెంలో తేలిపోతుంది. అడుగువైపు కాళ్ల దగ్గర వేలితో నొక్కితే లోపలికి పోయిందంటే అది ఇంకా నిండలేదన్నమాట. ఇలాంటివాటిని మూడు నాలుగు వారాలు మేపి, గట్టిపడ్డాక అమ్మే రైతులు ఉన్నారు. ఆ తేడా గుమ్మంలోనే కనిపెట్టగలిగిన కుర్రాడు హోటల్‌కి రోజూ డబ్బు మిగులుస్తాడు.

సీజన్, సైజు, ఆడా మగా

అమెరికా పశ్చిమ తీరంలో డంజినెస్ పీతకు ఈ మూడూ కలిపి రూలు. వృత్తిగా వేటాడేవాళ్లు మగవాటినే, అదీ పెంకు వెడల్పు 6.25 అంగుళాలు, అంటే సుమారు 16 సెంటీమీటర్లు దాటినవాటినే తీసుకోవాలి. సీజన్ తెరిస్తేనే బుట్టలు వేయాలి. 2015 నవంబరులో కాలిఫోర్నియా పీతల్లో డొమోయిక్ ఆసిడ్ అనే విషం కనబడింది. దాంతో సీజన్ తెరవకుండా 2016 మార్చి దాకా ఆపేశారు. ఏటా ఆ పండగ రోజుల్లో పీత వడ్డించే హోటళ్లు ‘లేదు’ అనక తప్పలేదు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మోటారు బోట్లకు సముద్రంలో వేట నిషేధం. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. మే నెలలో విశాఖ హోటల్ మెనూలో ‘ఫ్రెష్ సముద్రపు పీత’ కనిపిస్తే ఎక్కడిదని అడగండి. చిన్న తెప్పల మీద పట్టిందైనా కావాలి, పశ్చిమ తీరం నుంచి వచ్చిందైనా కావాలి. లేదంటే ఫ్రీజర్‌లోంచి తీసిందే! ఉప్పుటేరు మండపీత సంగతి వేరు. ఈ తేడా తెలిసిన స్టాఫ్ ఉంటే మెనూ అబద్ధమాడదు.

గుడ్లున్న పీత సంగతి చూడండి. ఒక తల్లి మండపీత లక్షల్లో గుడ్లు పెడుతుంది. కడుపు కింద గుడ్ల గుత్తి కనిపిస్తే వద్దనడం హోటల్‌కి ఒక్క నిమిషం పని. దాన్ని పట్టినాయనకు మాత్రం అది ఆ రోజు కూలి. ఉత్తినే ‘వదిలేయండి’ అంటే ఆయన వినడు, వినాల్సిన అవసరమూ లేదు. నిండిన, పెద్ద పీతకు మంచి ధర కట్టి, అదే మాట మీద ఏడాది పొడవునా కొనేవాళ్లుంటే అప్పుడు వింటాడు. పర్యావరణం గురించి పోస్టర్లు వేసేవాళ్లకన్నా రేటు రాసే పర్చేజ్ మేనేజర్ చేతిలోనే ఎక్కువ శక్తి ఉంది.

మీకు ఏ దారి?

వంట, సర్వీసు ఇష్టమైతే ఇంటర్ అర్హతతో ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాసి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరొచ్చు. హైదరాబాద్‌లో ఐహెచ్ఎం ఉంది. మత్స్యశాస్త్రం వైపు ఆసక్తి ఉంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది. ఆపై చదువుకు సీఐఎఫ్ఈ, దాని కేంద్రం కాకినాడలోనూ ఉంది. బీటెక్, బీకాం, బీఎస్సీ పూర్తయినవాళ్లు కంగారు పడొద్దు. కొనుగోళ్లు, కోల్డ్ చెయిన్, నాణ్యత తనిఖీ, ట్యాంకుల్లో నీటి ఉప్పదనం, ఆక్సిజన్ చూసే సెన్సార్లు, ఏ పీత ఏ రేవు నుంచి వచ్చిందో చెప్పే క్యూఆర్ కోడ్.. ఇవన్నీ మీ చదువులకు దగ్గరి పనులే. ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ‘ఫోస్టాక్’ శిక్షణ, హెచ్ఏసీసీపీ మీద అవగాహన ఉంటే రెజ్యూమెకు బలం.

ఒక మాట ముందే చెప్పాలి. అందరికీ సెలవైన రోజే ఈ రంగంలో అసలు పని. ఆదివారాలు, పండగలు, అర్ధరాత్రుళ్లు తప్పవు. మొదటి ఏడాది కాళ్లు నొప్పులు, చేతులకు వాసన. అది కుదరదనుకుంటే ఇప్పుడే తెలుసుకోవడం మేలు.

ఇంటర్వ్యూకి ముందు ఇది చేయండి

తీరప్రాంతం వాళ్లయితే ఒక తెల్లవారుజామున దగ్గర్లోని రేవుకు వెళ్లండి. హైదరాబాద్ వాళ్లయితే చేపల మార్కెట్‌కి. అమ్మేవాళ్లను గౌరవంగా పలకరించి అయిదు విషయాలు అడగండి. ఈ పీత ఎక్కడ పట్టారు? ఎప్పుడు పట్టారు? దేంతో పట్టారు? చిన్నవి, గుడ్లున్నవి ఏం చేస్తారు? మీ చేతికెంత, చివర్లో కొనేవాళ్లు కట్టేదెంత? ఆ జవాబులు ఒక పేజీలో రాసి, దారిలో ఎక్కడెక్కడ ఎంత సమయం పోతోందో గీసి చూపించండి. ‘ఐ యామ్ ఎ హార్డ్ వర్కర్’ అని అందరూ చెబుతారు. ఈ కాగితం తెచ్చినవాళ్లను ఇంటర్వ్యూ బోర్డు ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడుతుంది.