విడిచి వెళ్ళిన ఊరు, తిరిగి వచ్చే ఊరు

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతపు సంఘాలలో కువైట్‌కో, దుబాయ్‌కో, ఖతర్‌కో మనిషిని పంపిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సెలవుకు వచ్చిన సహోదరులు ఆరాధన ముగిశాక తరచు అనే మాట ఒకటుంది: "అయ్యగారూ, మా ఊరు మా ఊరిలా లేదయ్యా."

ఆ మాటలో నిజం ఉంది. 2014 జూన్ 2కు ముందు విమానమెక్కినవారు విడిచి వెళ్ళిన ఉమ్మడి రాష్ట్రం ఇప్పుడు లేదు. 2008లో జిల్లాకు పొట్టి శ్రీరాములుగారి పేరు చేరింది. అంతకుముందు 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు, ఉదయగిరికి ఉత్తరాన ఉన్న కనిగిరి నెల్లూరు జిల్లా నుండి విడిపోయింది. ఊరు ఎవరికోసమూ ఆగదు. దూరాన ఉన్నవారి మనసులో మాత్రం అది బయలుదేరిన రోజు దగ్గరే ఆగిపోతుంది.

గల్ఫ్‌కు వెళ్ళినవారికి ఈ బాధ మరీ ఎక్కువ. అమెరికాకు వెళ్ళినవారు అక్కడి పౌరసత్వం తీసుకొని స్థిరపడే అవకాశం ఉంది. గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళు కష్టపడినా మామూలు కార్మికునికి ఆ దారి లేదు. అకామా ముగిస్తే తిరిగి రావలసిందే. కాబట్టి అతనికి ఊరు గడిచిన జ్ఞాపకం మాత్రమే కాదు, రాబోయే జీవితం కూడా. ఎండలో పడిన కష్టానికి ప్రతిఫలంగా దాచుకున్న ఊరు మారిపోతే, ఎవరో తన సొమ్ము తీసుకున్నట్టు ఉంటుంది.

మన సంఘాలకు ఈ అనుభవం కొత్త కాదు. 1860 నుండి 1911 వరకు మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. వారి కోసం 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు నుండి బయలుదేరి వెళ్ళి, ఆ ఏడాదే కియర్స్నీ తేయాకు తోటల దగ్గర సంఘం స్థాపించారు. ఆ కూలీలలో చాలామంది మళ్ళీ స్వదేశం చూడలేదు. వారిని నిలబెట్టింది ఊరి జ్ఞాపకం ఒక్కటే కాదు, ఉన్నచోట కట్టుకున్న సహవాసం కూడా. బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరం (29వ అధ్యాయం) చెప్పిందీ ఇదే: అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి.

మరి తిరిగి వచ్చినవారి సంగతి? ఎజ్రా 3వ అధ్యాయం చదవండి. కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు, పాత మందిరాన్ని చూసిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చారు. మిగిలినవారు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో, ఏది ఆనందమో ఎవరికీ తెలియలేదు. లేఖనం ఆ వృద్ధులను గద్దించలేదు. వారి కన్నీటి కోసం పునాది పని ఆపమని కూడా చెప్పలేదు.

ఈ సమతుల్యం మన ఇళ్ళలోనూ, సంఘాలలోనూ కావాలి. పెంకుల మందిరం విప్పి స్లాబు వేయాలా అన్న మాట వస్తే, దూరం నుండి డబ్బు పంపిన సహోదరుని మాట వినండి; కానీ ప్రతి ఆదివారం ఆ వానలో, ఆ ఉక్కలో కూర్చునేవారి మాట అంతకంటే ముందు వినాలి. తిరిగి వచ్చిన సహోదరుడా, నీవు లేని పదేళ్ళూ ఇల్లు నడిపింది నీ భార్య. ఆమె నేర్చుకున్న తెగువను ఊరు మారిపోయిందనే ఫిర్యాదులో కలపవద్దు. నీ పిల్లలకు నీవు కొత్తవాడివి. ఆజ్ఞాపించకముందు పరిచయం చేసుకో.

ఊళ్ళో ఉన్నవారికీ ఒక మాట. వచ్చినవాని పెట్టె వైపు కాదు, ముఖం వైపు చూడండి. ఏమి తెచ్చావని, మళ్ళీ ఎప్పుడు వెళ్తావని అడిగేముందు, అక్కడ ఎలా బ్రతికావని అడగండి. మారిన ఊరిలో అతనికి మళ్ళీ చోటు దొరికేది ఆ ప్రశ్నతోనే.