ఈస్టరు నవ్వు

ఈస్టరు నవ్వు అనునది మధ్యయుగపు చివరి భాగము నుండి 18వ శతాబ్దము వరకు ఐరోపాలోని జర్మన్ భాషా ప్రాంతములలో, ముఖ్యముగా బవేరియాలో, వాడుకలో ఉండిన ఒక క్రైస్తవ ఆరాధనాచారము. ఈస్టరు పండుగనాటి ప్రసంగములో గురువు హాస్యకథలు చెప్పి సంఘమును నవ్వించెడివాడు. యేసు క్రీస్తు మరణమును జయించి లేచెనను నమ్మకము ఈ నవ్వునకు ఆధారము.

ఆరాధన అనగా మౌనము, గాంభీర్యము అని తలచువారికి ఈ ఆచారము వింతగా తోచవచ్చును. కష్టములో ఉన్న మనుష్యులు దేవుని సన్నిధిలో నవ్వవచ్చునా, ఆ నవ్వు వారి దుఃఖమును చిన్నబుచ్చదా అను ప్రశ్న ఈ ఆచారము వెంటనే ఉన్నది. దీనిని సమర్థించినవారును, ఖండించినవారును కూడ భక్తులే అగుట గమనింపదగిన విషయము.

పేరు

లాటిన్ భాషలో దీనిని రిసుస్ పాస్కాలిస్ అందురు. రిసుస్ అనగా నవ్వు. పాస్కాలిస్ అనగా పస్కాకు, అనగా ఈస్టరుకు, సంబంధించినది. జర్మన్ భాషలో ఓస్టర్‌లాఖెన్ అని పేరు. ఆనాడు చెప్పు హాస్యకథలను ఓస్టర్‌మేర్లైన్, అనగా ఈస్టరు చిన్నకథలు, అని పిలిచెడివారు. ఈస్టరును తెలుగు క్రైస్తవులు పునరుత్థాన పండుగ అని కూడ వ్యవహరింతురు.

నేపథ్యము

ఈ నవ్వును అర్థము చేసికొనుటకు దానికి ముందు గడచు దినములను తెలిసికొనవలెను. భస్మ బుధవారముతో ఆరంభమగు తపస్సు కాలము, ఆదివారములను లెక్కింపక, 40 దినములు. మధ్యయుగములో ఈ దినములందు మాంసము తినుట నిషిద్ధము. అనేక ప్రాంతములలో పాలు, వెన్న, గ్రుడ్లు కూడ మానెడివారు. ఈస్టరునాడు రంగులు వేసిన గ్రుడ్లను పంచుకొనుటకు ఈ ఉపవాసము ఒక కారణముగా చెప్పబడుచున్నది. పశ్చిమ సంఘపు ఆరాధనలో ఆ కాలమంతయు హల్లెలూయా అను మాటను పాడరు. శుభ శుక్రవారమున బలిపీఠముపై వస్త్రము కూడ ఉంచరు.

నిల్వధాన్యము తరిగిపోవు చలికాలపు చివర ఈ ఉపవాసము వచ్చుట ఆ దేశముల రైతులకు మరియొక భారము. ఆకలి, చలి, పాపమును గూర్చిన చింత, క్రీస్తు శ్రమలను గూర్చిన ధ్యానము అన్నియు ఒకే కాలమున కూడుకొనెడివి. ఈస్టరు ఉదయమున గంటలు మ్రోగి, హల్లెలూయా మరల వినబడినప్పుడు ప్రజలలో కలిగిన ఊరట సామాన్యమైనది కాదు. ఈస్టరు నవ్వు ఆ ఊరటలో ఒక భాగము. తపస్సు కాలము లేనిచో ఈ నవ్వునకు అర్థము లేదు.

ఆచార విధానము

పండుగనాటి దివ్యబలిపూజలో ప్రసంగ సమయమున గురువు ఒక హాస్యకథను చెప్పును, లేదా అభినయించి చూపును. క్రీస్తు పాతాళమునకు దిగి దాని ద్వారములను పగులగొట్టగా అపవాది తెల్లబోయిన విధము వంటివి ఇట్టి కథలకు తగిన వస్తువులు. అయితే అందరు గురువులును ఈ హద్దులో నిలువలేదు. కొందరు పక్షుల, జంతువుల కూతలను అనుకరించిరి. మరికొందరు అశ్లీలమైన కథలకు, చేష్టలకు దిగిరి.

మధ్యయుగములో ఫ్రాన్సు మొదలగు దేశములలో క్రిస్మసు, నూతన సంవత్సర దినములందు జరిగిన మూర్ఖుల పండుగ వేరు, ఈస్టరు నవ్వు వేరు. మూర్ఖుల పండుగలో క్రింది తరగతి గురువులు పై అధికారుల వేషములు వేసి తంతులను పరిహసించెడివారు. దానిని 1435లో బాసెల్ మహాసభ ఖండించినది. ఈస్టరు నవ్వు ప్రసంగములో భాగముగా, ప్రసంగీకుని నోటనే వెలువడెడిది.

విమర్శ

ఈ ఆచారమును గూర్చి మనకు తెలిసిన వివరములలో ముఖ్యమైనవి దానిని వ్యతిరేకించినవారి వ్రాతల నుండియే లభించుచున్నవి. యోహన్నెస్ ఎకొలంపాడియుస్ (1482–1531) ఆనాటి పండితులలో ఒకడు. తరువాత బాసెల్ నగరమున సంస్కరణోద్యమ నాయకుడైనాడు. అతని ప్రసంగములు మరీ గంభీరముగా ఉన్నవనియు, ఈస్టరునాడు కూడ అతడు జనులను నవ్వింపడనియు ఆక్షేపణ వచ్చినది. దానికి సమాధానముగా అతడు తన మిత్రుడు వోల్ఫ్‌గాంగ్ కాపితోకు వ్రాసిన లేఖ ఈస్టరు నవ్వును గూర్చి అను పేరుతో 1518లో బాసెల్‌లో అచ్చయినది. ఒక ప్రసంగీకుడు కోకిలవలె కూయుట, మరియొకడు అపొస్తలుడైన పేతురు పూటకూళ్ళవారిని మోసగించి సొమ్ము ఎగవేసినట్లు కథ చెప్పుట వంటి ఉదాహరణములను అతడు ఆ లేఖలో పేర్కొనెను.

సువార్త సందేశము తనంతట తానే ఆనందము కలిగింపవలెను గాని దానికి వికటచేష్టల సాయము అక్కరలేదని అతని వాదములోని సారాంశము. నవ్వు ముగిసిన తరువాత వినువాని మనస్సులో పునరుత్థానము నిలువక గురువు చేసిన కోకిల కూత మాత్రమే నిలిచినచో ఆ ప్రసంగము వ్యర్థమైనట్లే. ప్రసిద్ధ మానవతావాది ఎరాస్మస్ కూడ ఇట్టి ప్రసంగములను నిరసించెను.

నిషేధము

1670 నుండి 1676 వరకు పోపుగా ఉన్న 10వ క్లెమెంటు ఈ ఆచారమును నిషేధించెను. అయినను అది పూర్తిగా ఆగలేదు. 18వ శతాబ్దములో బవేరియా పాలకుడు 3వ మాక్సిమిలియన్ (పాలన 1745–1777), అక్కడి బిషప్పులు మరల నిషేధ ఉత్తరువులు జారీ చేయవలసివచ్చినది. ఒక నిషేధము చాలక మరియొకటి అవసరమైనదనగా, ప్రజలకు ఈ ఆచారముపై ఎంత మక్కువ ఉండెనో ఊహింపవచ్చును.

వేదాంత ఆధారము

బైబిలులో నవ్వు అనేక విధములుగా కనిపించును. వృద్ధాప్యములో బిడ్డ పుట్టునన్న వాగ్దానము విని శారా నవ్వినది. అది నమ్మలేక నవ్విన నవ్వు. తరువాత పుట్టిన బిడ్డకు ఇస్సాకు అని పేరు పెట్టిరి; హెబ్రీ భాషలో ఆ పేరు నవ్వు అను అర్థమునిచ్చు మాట నుండి వచ్చినది. అపనమ్మకముతో మొదలైన నవ్వు ఈ విధముగా సంతోషముగా మారినది. 126వ కీర్తన చెరనుండి తిరిగివచ్చిన ప్రజల నోట నిండిన నవ్వును వర్ణించి, అదే కీర్తనలో కన్నీటితో విత్తువారిని కూడ జ్ఞాపకము చేయును. ఇప్పుడు ఏడ్చువారు నవ్వుదురని యేసు చెప్పినట్లు లూకా సువార్త 6వ అధ్యాయములో ఉన్నది.

4వ శతాబ్దపు వేదాంతి అయిన నిస్సా గ్రెగొరీ క్రీస్తు మరణమును గాలముతో పోల్చెను. క్రీస్తు మానవ శరీరము ఎర. దానిలో దాగిన దైవత్వము కొక్కెము. అపవాది ఎరను చూచి మ్రింగి, కొక్కెమునకు చిక్కెను. మోసముతో మనుష్యుని పడద్రోసినవాడే తాను మోసపోయెనను ఈ భావములో సహజముగనే ఒక హాస్యము ఉన్నది. మరణమును గూర్చిన భయమును ఇట్టి కథ తేలిక చేయును.

ఆరాధనలో శరీరము కూడ ఆనందమును తెలుపవలెనను భావము ప్రాచీనమైనది. 325లో జరిగిన నిసేయ మహాసభ ఆదివారములందును, ఈస్టరు నుండి పెంతెకొస్తు వరకు గల దినములందును మోకరింపక నిలువబడి ప్రార్థింపవలెనని నియమము చేసెను.

భిన్నాభిప్రాయములు

సంఘ చరిత్రలో నవ్వును అనుమానించినవారు తక్కువ కాదు. యేసు ఏడ్చినట్లు సువార్తలలో ఉన్నది గాని నవ్వినట్లు లేదని 4వ శతాబ్దపు గొప్ప ప్రసంగీకుడు యోహాను క్రిసోస్తము బోధించెను. 6వ శతాబ్దములో బెనెదిక్తు తన మఠవాసులకు వ్రాసిన నియమావళిలో నవ్వు పుట్టించు వ్యర్థపు మాటలను నిషేధించెను.

అయితే ఆర్థొడాక్సు సంఘములలో ఈస్టరు రాత్రి చదువు ప్రసిద్ధ ప్రసంగము ఈ క్రిసోస్తము పేరుననే ఉన్నది. ఉపవాసము ఉన్నవారిని, లేనివారిని, ముందు వచ్చినవారిని, ఆలస్యముగా వచ్చినవారిని సమానముగా పండుగ విందుకు ఆహ్వానించుచు, పాతాళము పరాభవము పొందినదని అది ప్రకటించును. నవ్వును శంకించిన సంప్రదాయము సహితము ఆనందమును త్రోసివేయలేదని దీనివలన తెలియుచున్నది. వారు వారించినది ముఖ్యముగా పొల్లు మాటలను, ఇతరులను కించపరచు పరిహాసమును.

కష్టకాలములో ఆనందము

ఆరాధనలోని ఆనందము సుఖముగా ఉన్నవారి వినోదము మాత్రమే అనుట సరికాదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో పౌలు, సీలలు దెబ్బలు తిని, కాళ్ళు బొండలో బిగింపబడి, ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రివేళ పాటలు పాడిరి. తరువాత ఆ పట్టణపు సంఘమునకు పౌలు వ్రాసిన పత్రికలో సంతోషమను మాట పలుమార్లు వచ్చును. ఆ పత్రికను కూడ అతడు బంధకములలో ఉండియే వ్రాసెను.

పశ్చిమ సంఘపు పంచాంగములో ఈ భావమునకు స్థిరమైన స్థానము ఉన్నది. క్రిస్మసుకు ముందు వచ్చు ఆగమన కాలములో 3వ ఆదివారమును గౌదేతె అనియు, తపస్సు కాలములో 4వ ఆదివారమును లెతారె అనియు అందురు. రెండు లాటిన్ మాటలకును సంతోషించుడని అర్థము. ఆ రెండు దినములందు గురువులు ఊదా రంగు వస్త్రములకు బదులు గులాబి రంగు వస్త్రములు ధరింపవచ్చును. దుఃఖదినములు ముగియక ముందే, వాటి నడుమనే, సంతోషమునకు ఒక దినము కేటాయింపబడినది.

ముప్పది సంవత్సరముల యుద్ధము (1618–1648) జరుగుచుండగా సాక్సొనీలోని ఐలెన్‌బుర్గు పట్టణములో మార్టిన్ రింకార్ట్ (1586–1649) లూథరన్ పాదిరిగా ఉండెను. ప్రాకారముల లోపల తలదాచుకొన్న శరణార్థులతో పట్టణము క్రిక్కిరిసి ఉండగా 1637లో మహమ్మారి వ్యాపించినది. తోటి పాదిరులు మరణించుటచే రింకార్ట్ ఒక్కడే ఆ సంవత్సరము 4,000కు పైగా శవములకు అంత్యక్రియలు జరిపెను. మృతులలో అతని భార్య కూడ ఉన్నది. జర్మన్ సంఘములలో నేటికిని పండుగలందు పాడుకొను ప్రసిద్ధ కృతజ్ఞతా కీర్తన ఈ రింకార్ట్ ఆ యుద్ధకాలమున రచించినదే.

ఈస్టరు నవ్వునకు పుట్టినిల్లని చెప్పదగిన బవేరియాలోనే 20వ శతాబ్దపు సంఘటన ఒకటి జరిగినది. నాజీలచే బంధింపబడిన పాదిరి డీట్రిఖ్ బోన్‌హోఫర్ 1945 ఏప్రిల్ 8న, ఈస్టరు తరువాతి ఆదివారమున, షోన్‌బెర్గు గ్రామపు బడిలో తోటి ఖైదీలకు ఆరాధన జరిపెను. ఆనాటి వాక్యములలో ఒకటి పునరుత్థానమువలన కలుగు సజీవమైన నిరీక్షణను గూర్చినది. మరునాడు ఫ్లోసెన్‌బుర్గు శిబిరములో అతనిని ఉరితీసిరి. ఆ ఆరాధనలో హాస్యకథలు లేవు. కాని ఈస్టరు నవ్వు ఏ నమ్మకముపై నిలిచినదో ఆ నమ్మకము అక్కడ కనిపించుచున్నది.

ఆధునిక కాలము

బవేరియాలో జన్మించి, 2005 నుండి 2013 వరకు 16వ బెనెదిక్తు పేరుతో పోపుగా ఉన్న జోసెఫ్ రాట్జింగర్, పోపు కాకమునుపు చేసిన రచనలలో ఈస్టరు నవ్వును ప్రస్తావించెను. దానిలో కొంత పైపై సరదా ఉన్నను, నవ్వు ఆరాధనలో ఒక చిహ్నమగుట అందమైన విషయమని అతని అభిప్రాయము. జర్మనీలో కొందరు గురువులు ఈస్టరు ప్రసంగములో సభ్యమైన హాస్యమును మరల చేర్చుచున్నారు. అమెరికాలో 1980ల దశకము నుండి కాల్ సమ్రా అను రచయిత, అతని జాయ్‌ఫుల్ నాయిస్‌లెటర్ పత్రిక ప్రోత్సాహముతో కొన్ని సంఘములు ఈస్టరు తరువాతి ఆదివారమును పవిత్ర హాస్యపు ఆదివారముగా జరుపుకొనుచున్నవి.

కోవిడ్ మహమ్మారి కారణముగా 2020 ఏప్రిల్ 12నాటి ఈస్టరునాడు అనేక దేశములలో దేవాలయములు మూతపడియుండెను. రోములో పోపు ఫ్రాన్సిస్ దాదాపు శూన్యమైన సెయింట్ పీటర్స్ బసిలికాలో పూజ జరిపెను. భారతదేశములో మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ అమలులో ఉండుటచే తెలుగు క్రైస్తవులు కూడ ఇండ్లయందే పండుగ జరుపుకొనిరి.

తెలుగు సంఘములలో

ప్రసంగములో హాస్యకథ చెప్పు ఈ ఆచారము తెలుగు సంఘములలో సంప్రదాయముగా నెలకొనలేదు. కాని దాని మూలభావము అపరిచితము కాదు. కోస్తా జిల్లాలలోని పలు ఊళ్ళలో ఈస్టరునాడు తెల్లవారకముందే క్రైస్తవులు సమాధుల తోటకు పోయి, తమవారి సమాధులను పూలతో అలంకరించి, కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థాన గీతములు పాడుదురు. కర్ణాటక రాగతాళములలో కూర్చబడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిలో కూడ క్రీస్తు శ్రమ మరణములను గూర్చిన కీర్తనల తరువాతనే పునరుత్థాన కీర్తనలు వచ్చును.

ఐరోపా గ్రామములో నవ్వుగాను, తెలుగు పల్లెలో సమాధుల నడుమ పాటగాను కనిపించు ఈ ఆనందములో ఒక సామాన్య లక్షణము ఉన్నది. ఏడ్పునకు తగినంత కాలము ఇచ్చిన తరువాతనే అది వచ్చుచున్నది. ఈస్టరు నవ్వు దుఃఖము నుండి వేరై వట్టి వినోదముగా మారిన చోట విమర్శకు, నిషేధమునకు గురియైనది. మరణమును ఎదుట ఉంచుకొని సంతోషించిన చోట ఆ ఆనందము నేటికిని నిలిచియున్నది.