ఊరు వదిలిన రబాబు



గట్టిమేళం లేకుండా మంగళసూత్రం కట్టించిన పెళ్ళిని మీరెక్కడైనా చూశారా? ఆఫ్ఘనిస్తాన్‌లో 1996 నుంచి 2001 దాకా, అంటే తాలిబన్ల మొదటి ఏలుబడిలో, వాద్యం చప్పుడు బయటికి వినపడకూడదన్నారు. కేసెట్లలోంచి టేపు లాగేసి స్తంభాలకు తోరణాల్లా వేలాడదీశారు. 2021 ఆగస్టులో వాళ్ళు మళ్ళీ వచ్చాక మళ్ళీ అదే వరస. మరి ఆ పాట ఏమైంది? పాడేవాళ్ళతోపాటు ఊరు వదిలి వెళ్ళింది.

ఆ సంగీతానికీ మన దేశానికీ చుట్టరికముంది. 1860ల్లో అమీర్ షేర్ అలీ ఖాన్ మన ఉత్తరాది గాయకులను, తబలా వాయించేవాళ్ళను తన కొలువుకు పిలిపించుకున్నాడు. వాళ్ళు కాబూలులో ఖరాబాత్ అనే వాడలో కాపురాలు పెట్టారు. అక్కడివాళ్ళ రబాబేమో ఇటు వచ్చింది. మనం రేడియోలో వినే సరోద్ ఆ రబాబు బిడ్డే. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదే కదూ!

రబాబును మల్బరీ కర్ర తొలిచి చేస్తారు, ముఖానికి తోలు మూస్తారు. మీటే తీగలు మూడే. పక్కన మరో పదికి పైగా సన్నని తీగలుంటాయి. పైతీగ పలికితే అవి చాలావరకు వాటంతటవే మోగుతాయి. ఈ విద్య ఏ పుస్తకంలోనూ దొరకదు. గురువు శిష్యుడి చేతికి దారం కట్టి చేర్చుకుంటాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన ఎదుట కూర్చుని విని నేర్చుకోవలసిందే. అందుకని వాడ చెదిరితే బడి మూతపడినట్లే.

1979 డిసెంబరులో సోవియట్ సేనలు వచ్చాక కొందరు దేశం దాటారు. 1992 తర్వాత అంతర్యుద్ధంలో ఖరాబాత్ నేలమట్టమైంది. అక్కడివాళ్ళు చాలామంది పాకిస్తాన్‌లోని పెషావర్ చేరి, చిన్నచిన్న అద్దె గదుల్లో ఉంటూ పెళ్ళిళ్ళకు వాయించి పొట్టపోసుకున్నారు. పరాయి ఊళ్ళో తమకిష్టమైన రాగం వాయిస్తామంటే కుదురుతుందా? అడిగిన పాట వాయించాలి.

ఆడవాళ్ళలో మహ్వష్‌గారి సంగతి చెప్పాలి. ఆమె 1947లో పుట్టారు. కాబూలు రేడియోలో ఉద్యోగానికి చేరితే గొంతు విని పాడమన్నారట. 1977లో ఆమెకు ‘ఉస్తాద్’ బిరుదు ఇచ్చారు. అదివరకు మగవాళ్ళకే పరిమితమైన బిరుదది. తర్వాత, పోట్లాడుకునే రెండు పక్షాలవాళ్ళూ మా కోసం పాడు, లేకపోతే నోరు మూయిస్తామన్నారు. 1991లో పిల్లలతో పాకిస్తాన్ చేరి, అక్కడినుంచి అమెరికా వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో ఆఫ్ఘన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. పెళ్ళిళ్ళలో ఎలక్ట్రిక్ కీబోర్డుదే జోరు. పిల్లలు చిందులేయడానికి అదే బాగుంటుంది, వాళ్ళననడానికేముంది! అయినా కాబూలులో పుట్టి, పెషావర్‌లో పెరిగిన రబాబు విద్వాంసుడు హోమాయున్ సఖీ అక్కడ చేరి శిష్యులకు నేర్పుతూ వచ్చారు. నాకైతే ఇదే పెద్ద ఆశగా తోస్తుంది. రికార్డుల్లో పాట దాచవచ్చు గానీ, తప్పు వాయిస్తే వేలు పట్టుకుని దిద్దేది మనిషే కదా.

కాబూలులో 2010లో ఒక సంగీత పాఠశాల పెట్టారు. అహ్మద్ సర్మస్త్ దాని వ్యవస్థాపకులు. అందులో ఆడపిల్లలే ‘జోహ్రా’ అనే వాద్యబృందంగా ఏర్పడ్డారు. 2021 చివర ఆ బడి పిల్లలు, ఉపాధ్యాయులు, వారి వారు కలిసి 273 మంది దోహా మీదుగా పోర్చుగల్ చేరుకున్నారు. పిల్లల్లో చాలామంది తల్లిదండ్రుల్ని వదిలి వెళ్ళినవాళ్ళే. ఆ తల్లులు ఎట్లా పంపించారో! ఆ పిల్లలు 2024లో న్యూయార్కులోని కార్నెగీ హాల్లో కచేరీ చేశారు.

ఇటు చూస్తే, 2023 జూలైలో హెరాత్‌లో వాద్యాలను కుప్పపోసి తగలబెట్టారు. 2024 డిసెంబరులో రబాబు తయారీని, వాదనాన్ని యునెస్కోవారు ప్రపంచ వారసత్వ కళల పట్టికలో చేర్చారు, నాలుగు దేశాల పేరు మీద. ఇరాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌లతో పాటు నాలుగోది ఆఫ్ఘనిస్తానే.